గీత లోపలే ఉండాలి

గోదావరిఖనిలో 1961లో ఒకటో ఇంక్లైన్ బొగ్గు బాయి మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు బాయికి పోయే కార్మికుడికి సైకిలే తోడు. ఇప్పుడు మోటారు బండ్లు వచ్చినా కాలనీల్లో సైకిల్ ఇంకా తిరుగుతూనే ఉంది. తండ్రి తొక్కింది కొడుక్కి, అన్న తొక్కింది తమ్ముడికి వస్తుంది. తొక్కే మనిషి మారితే హ్యాండిల్ ఎత్తు కూడా మారాలి. చేతిలో పానా ఉంటే అది పది నిమిషాల పని. తప్పుగా చేస్తే మాత్రం బొగ్గు లారీల నడుమ హ్యాండిల్ చేతిలోకి ఊడివస్తుంది. అందుకే ఆ పద్ధతిని అయిదు చిన్న వాక్యాల్లో పెట్టుకుని, మాటమాటకూ అర్థం చెప్పుకుందాం.

ఒంటికి తగ్గ ఎత్తు ఎంచుకో. బోల్టు వదిలి, తట్టి దించు. గీత లోపలే ఉంచు. చక్రానికి సూటిగా నిలిపి బిగించు. బ్రేకు పట్టి చూసి, అప్పుడు ఎక్కు.

ఒంటికి తగ్గ ఎత్తు: ముందు సీటు సరిచేయాలి, హ్యాండిల్ సంగతి ఆ తర్వాతే. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడల్ మీద మడమ పెడితే కాలు నిటారుగా చాచినట్టు రావాలి. సీటు కుదిరాక, రోజువారీ సైకిల్‌కు హ్యాండిల్ సీటుతో సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు పైనో ఉంటే చాలు. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. అరచేతులు తిమ్మిరెక్కుతున్నా, మెడ పట్టేస్తున్నా హ్యాండిల్ కిందికి ఉందేమో చూసుకోవాలి. షిఫ్టంతా బాయిలో వంగి పనిచేసి వచ్చిన నడుముకు ఇంటిదారిలో మళ్లీ వంగే శిక్ష వేయకూడదు. అలాగని మరీ పైకి లేపితే బరువంతా సీటు మీద పడి, ముందు చక్రం తేలికవుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది.

బోల్టు వదిలి: హ్యాండిల్ నడిమధ్య, పైన కనిపించే బోల్టు ఇది. వదలడమంటే పూర్తిగా విప్పేయడం కాదు, మూడు నాలుగు చుట్లు తిప్పడం. మొత్తం విప్పితే దాని కింది కొసకు పట్టుకున్న ఇనుప ముక్క ఫోర్కు గొట్టంలోకి జారిపోతుంది. పాత రాడ్ బ్రేకుల సైకిలైతే ముందుగా బ్రేకు రాడ్ల జాయింటు నట్లు వదులు చేయాలి. అవి బిగువుగా ఉండగా హ్యాండిల్ గుంజితే రాడ్లు వంగుతాయి.

తట్టి దించు: హ్యాండిల్ నుంచి ఫోర్కు గొట్టంలోకి దిగే నిలువు గొట్టాన్ని ఇక్కడ కాడ అందాం. కాడ కింది కొసన ఏటవాలుగా కోసిన ముక్కో, శంకువులాంటి ముక్కో ఉంటుంది. బోల్టు బిగిస్తే అది పైకి లాగబడి, గొట్టం లోపలి గోడను ఒరుసుకుని బిగుసుకుంటుంది. బొగ్గు బాయి ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. బాయి పైకప్పు కూలకుండా రాయిలోకి దించే పాతకాలపు రూఫ్ బోల్టుల్లో ఒక రకం ఇలాంటిదే: చీల్చిన కొసలోకి ఏటవాలు ముక్క దూరి, ఆ కొస విచ్చుకుని రాయిని పట్టేది. కనుక బోల్టు వదిలినంత మాత్రాన కాడ కదలదు, లోపలి ముక్క ఊడాలి. బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఠక్కున దిగుతుంది. తుప్పు పట్టి కదలకపోతే కిరోసిన్ పోసి ఒక రాత్రి వదిలేయాలి. బలంగా మెలితిప్పితే ఫోర్కు పాడవుతుంది.

గీత: ఆ వాక్యాల్లో ప్రాణమున్న మాట ఇదే. కాడ మీద అడ్డంగా చెక్కిన గుర్తు ఉంటుంది. హ్యాండిల్ ఎంత లేపినా ఆ గీత బయటికి కనపడకూడదు. సైకిళ్ల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం ఈ గీత కాడ కింది కొస నుంచి కనీసం కాడ మందానికి రెండున్నర రెట్ల దూరంలో ఉండాలి. 22 మిల్లీమీటర్ల కాడకు అది 55 మిల్లీమీటర్లు. ఎందుకంత? ఫోర్కు గొట్టం పైభాగానికి మరలు కోసి ఉంటాయి, అక్కడ లోహం పలచన. కాడ ఎక్కువ పైకి వస్తే లోపలి ముక్క సరిగ్గా ఆ పలచని చోట విచ్చుకుంటుంది. గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. పైగా బయట కాడ పొడవు పెరిగేకొద్దీ గుంతలో పడ్డ ప్రతి కుదుపూ దాన్ని ఇంకా గట్టిగా వంచుతుంది.

రూఫ్ బోల్టు కూడా కింద కనిపించే పలక వల్ల కాదు, రాయిలో దిగిన అయిదారు అడుగుల వల్ల నిలుస్తుంది. దాని పట్టు ఎంతో లాగి పరీక్షించి చూస్తారు. హ్యాండిల్‌దీ అదే నీతి: మోసేది లోపలున్న భాగం.

పాత సైకిల్ మీద గీత అరిగిపోతే కాడను బయటికి తీసి, కింది కొస నుంచి రెండున్నర అంగుళాలు కొలిచి పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. ఆకురాయితో గాటు పెట్టొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది. గీత దాకా లేపినా ఎత్తు చాలకపోతే పొడవు కాడ ఉన్న హ్యాండిల్ కొనాలి. గీత మాత్రం దాటించొద్దు.

చక్రానికి సూటిగా నిలిపి బిగించు: కాడను తుడిచి, తుప్పు పట్టకుండా పలుచగా గ్రీజు రాయాలి. సైకిల్‌కు ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను సూటిగా నిలిపి బోల్టు బిగించాలి. అలాగే చక్రం పట్టుకుని హ్యాండిల్‌ను పక్కకు తిప్పి చూడాలి, రెండు పిడుల మీదా ఒంటి బరువు మోపి చూడాలి. కదిలితే ఇంకొంచెం బిగించాలి. పానాకు పైపు తొడిగి బిగిస్తే మాత్రం గొట్టం ఉబ్బుతుంది.

గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఈ కాడ ఉండదు. ఫోర్కు గొట్టమే పైకి వచ్చి ఉంటుంది, హ్యాండిల్‌ను మోసే స్టెమ్ దాన్ని బయటి నుంచి పట్టుకుంటుంది. అక్కడ ఎత్తు మారేది ముఖ్యంగా స్టెమ్ కిందా పైనా ఉన్న రింగులను అటూ ఇటూ మార్చడం వల్ల. ముందు పైమూత బోల్టుతో ఫోర్కు ఆట తీసేసి, తర్వాత పక్క బోల్టులను స్టెమ్ మీద ముద్రించిన బిగుతు కొలతకే బిగించాలి.

బ్రేకు పట్టి చూసి: హ్యాండిల్ లేపితే బ్రేకు వైర్లు బిగుతవుతాయి, రాడ్ల కొలత మారుతుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. వైరు లాగి బ్రేకు తనంతట తాను పట్టకూడదు. ఆ పైన రెండు బ్రేకులూ పట్టి, సైకిల్‌ను ముందుకు తోసి చూడాలి.

అప్పుడు ఎక్కు: మొదట ఖాళీ సందులో నాలుగు చుట్లు తిరిగి, మళ్లీ ఒకసారి బోల్టు చూసుకున్నాకే రోడ్డెక్కాలి.

బాయిలో పైకప్పును తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందని తేలాకే దాని కింద నిలబడతారు. మీ పిల్లలకు మీ సైకిల్ ఇచ్చేనాడు ఆ అలవాటునూ ఇవ్వండి. కాడ పైకి తీసి ఆ గీత చూపించి, ఇది ఎప్పుడూ లోపలే ఉండాలని చెప్పి ఇవ్వండి.