రెండు ఓడలు, ఒక తుపాను

ఉన్న ధనమంతయు ఒకేచోట ఉంచరాదని పెద్దలు చెప్పగా మనమందరము విన్నాము. వినుటకు సులభమైన ఈ మాట లెక్కలో పూర్తిగా ఒదుగుటకు మాత్రము రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను మేము ఇచట సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విద్వత్పరిషత్తు ప్రచురించిన వ్యాసమున డేనియల్ బెర్నూలీ ఒక వర్తకుని ఉదాహరించినాడు. అతనికి స్వదేశమున 4,000 డుకాటుల ఆస్తి, విదేశమున 8,000 డుకాటుల సరకు కలవు. సరకు ఓడలోనే రావలెను. పది ఓడలలో ఒకటి మునుగును. ఒక ఓడలో వేసినను, రెండింట సగము సగముగా వేసినను సరకుపై సగటు రాబడి 7,200 డుకాటులే. కాని సరకంతయు పోవు ముప్పు మొదటి పద్ధతిలో పదింట ఒక వంతు, రెండవ పద్ధతిలో నూటికి ఒక వంతు. కనుక పంచి పంపుటయే మేలు.

అయితే ఆ రెండు ఓడలును ఒకే తుపానులో చిక్కినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము చికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి హారీ మార్కోవిట్జ్ 1952లో ఇచ్చినాడు. అప్పటికి అతనికి 24 ఏండ్లు. వాటా విలువ దాని భావి లాభాంశములను బట్టి ఉండునని 1938లో జాన్ బర్ విలియమ్స్ వ్రాసిన గ్రంథమును చదువుచు అతడొక సందేహములో పడినాడు. లాభమొక్కటే ముఖ్యమైనచో అందరును మిక్కిలి లాభమిచ్చు ఒక్క వాటానే కొనవలెను గదా! లోకమున ఎవరును అట్లు చేయరేమి?

ముప్పును గూడ తూచవలెనని, వాటాల సంఖ్యకంటె అవి కలిసి పడిపోవునా విడివిడిగా పడిపోవునా అనునదే ప్రధానమని అతడు గణితముతో నిరూపించినాడు. అరువది రైల్వే కంపెనీల వాటాలు కొనుటకంటె రైల్వేలు, గనులు, కర్మాగారములు మున్నగువానిలో అన్నే వాటాలు కొనుట క్షేమమని ఉదాహరించినాడు. పట్టపు పరీక్షలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఇది అర్థశాస్త్రమే కాదని ఆక్షేపించినాడట! పట్టము మాత్రము దక్కినది.

1964లో విలియం షార్ప్ మరియొక మెట్టు ఎక్కినాడు. ఒక్కొక్క కంపెనీకే చెందిన కష్టములు పంపకముచే తగ్గిపోవును; అంగడినంతను ఊపు గాలి మాత్రము మిగులును. ఆ మిగిలిన ముప్పును భరించినవానికే అదనపు ప్రతిఫలమని అతని సిద్ధాంతము. 1990లో వీరిరువురకును, మెర్టన్ మిల్లర్‌కును అర్థశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

అయినను పాఠము మరపునకు వచ్చినది. అమెరికాలో అనేక రాష్ట్రముల గృహ ఋణములను మూటగట్టి, ఊళ్లు వేరు గనుక భయము లేదని అమ్మినారు. దేశమంతట ఇండ్ల ధరలు ఒక్కసారిగా పడిపోగా 2008లో పెద్ద పెద్ద సంస్థలే కూలినవి. ఊళ్లు వేరైనను తుపాను ఒకటే.

మన ఇండ్లకును ఇది వర్తించును. జీతమొక సంస్థనుండి, పొదుపంతయు ఆ సంస్థ వాటాలలోనే ఉన్నచో ఆ కుటుంబమునకు రెండు ఓడలున్నట్లు తోచును. నిజమునకు ఉన్నది ఒక్కటే. ఎన్నిచోట్ల దాచితిమని లెక్కించుటకు ముందు, ఏ గాలికి అవి అన్నియు కలిసి మునుగునో విచారించుట మంచిది.