176 ఏళ్లకు ఇంటికొచ్చిన చర్చి

ఆదివాసుల చేయి దాటిన భూమి తిరిగి వాళ్ల చేతికి రావడం చరిత్రలో అరుదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, అప్పర్ శాండస్కీ అనే చిన్న పట్టణంలో 2019 సెప్టెంబరు 21న అలాంటిది ఒకటి జరిగింది. సుమారు 3 ఎకరాల స్థలం, అందులో చిన్న రాతి చర్చి, పక్కన శ్మశానం. యునైటెడ్ మెథడిస్ట్ సంఘం వాటిని వయాండాట్ తెగకు తిరిగి అప్పగించింది. మూడెకరాలేనా అనిపించవచ్చు. వాటి వెనుక కథ మాత్రం పెద్దది.

1816లో జాన్ స్టీవార్ట్ అనే ఆఫ్రికన్ సంతతి ప్రచారకుడు వయాండాట్ల దగ్గరకు వచ్చాడు. వాళ్ల భాష అతనికి రాదు. అతని మాటలు తెగకు వినిపించింది జొనాథన్ పాయింటర్. చిన్నతనంలోనే వయాండాట్లకు చిక్కి, వాళ్ల మధ్యే పెరిగిన మరో నల్లజాతి మనిషి. పెద్దల్లో కొందరు కొత్త మతంలో చేరారు. కొందరు మన ఆచారం మనదేనని గట్టిగా నిలబడ్డారు. 1824లో సున్నపురాయితో చర్చి లేచింది. అక్కడి మిషన్ బడిలో పిల్లలను ఉంచి చదువు చెప్పేవారు. మగపిల్లలకు వ్యవసాయం, ఆడపిల్లలకు నూలు వడకడం, కుట్టుపని నేర్పేవారు. హాస్టల్ నడిపేవాళ్లం కనుక ఈ ముక్క దగ్గర మేము కాసేపు ఆగాం. ఆ పిల్లలు రాత్రిపూట ఏ భాషలో మాట్లాడుకునేవారో!

మతం మార్చుకున్నా భూమి మిగల్లేదు. 1842 ఒప్పందంతో తెగ తన 1,09,000 ఎకరాలు వదులుకుంది. బదులుగా పడమట 1,48,000 ఎకరాలు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. 1843 జూలైలో 600 పైచిలుకు జనం బండ్లు కట్టుకుని బయల్దేరారు. ఒహాయోను విడిచిన చివరి తెగ వాళ్లదే. వెళ్లేముందు స్టీవార్ట్ అస్థికలను, శ్వేతజాతి దుండగులు చంపిన తమ నాయకుడు సమ్మన్‌డెవాట్ అస్థికలను చర్చి పక్కకు మార్చి పూడ్చారు. చర్చినీ శ్మశానాన్నీ చూసుకొమ్మని మెథడిస్టుల పేర రాసి వెళ్లారు. తీరా కాన్సాస్ చేరాక చూస్తే, చెప్పిన భూమి సిద్ధంగా లేదు. డెలావేర్ తెగ దగ్గర కొనుక్కోవలసి వచ్చింది. తొలి నెలల్లోనే జబ్బులతో చాలామంది పోయారు. తరువాతి కాలంలో మరోసారి కదిలి ఓక్లహోమా చేరారు.

జనం లేని చర్చి పాడుబడి, మొండిగోడలు మిగిలాయి. 1889లో మెథడిస్టులు బాగుచేయించారు. అయినా కట్టినవాళ్ల వారసులు దూరంగానే ఉన్నారు. 2019లో ఓక్లహోమా నుంచి వచ్చి పత్రాలు అందుకున్నారు.

ఇంగ్లండులోని బోల్టన్‌ది ఇంకో దారి. అక్కడ పత్తి మిల్లు యజమాని సొమ్ముతో 1881 నాటికి కట్టిన ఆల్ సోల్స్ చర్చి 1980లలో మూతపడింది. చుట్టుపక్కల గుజరాత్ మూలాలున్న ముస్లిం కుటుంబాలు స్థిరపడ్డాయి. కూల్చేయకుండా, ఆ వాడ మనుషులే పట్టుబట్టి నిలబెట్టించుకున్నారు. లోపల కొత్త గదులు అమర్చి 2014 డిసెంబరులో దాన్ని అందరూ కలుసుకునే చోటుగా తెరిచారు. అక్కడ ప్రశ్న వాడకం గురించి. వయాండాట్ల దగ్గర హక్కు గురించి. మా అభిప్రాయంలో మనకు హక్కే ముందు. కాగితం లేని చోట ఎంత చక్కటి సభాభవనం కట్టినా రేపు తాళం ఇంకొకరి చేతికి పోతుంది.

మన ఏజెన్సీ ఊళ్లలోనూ తాళాలు పడ్డ కట్టడాలున్నాయి. పిల్లలు లేరని మూసిన బడి గదులు, పాత వసతి గృహాలు, ఎప్పుడో పండక్కి తప్ప తెరవని ప్రార్థన మందిరాలు. నాలుగు కుటుంబాలు ప్రార్థనకు వస్తున్నా ఆ మందిరం ఖాళీ కాదు. వాళ్ల మాట లేకుండా దాని జోలికి పోకూడదు. కాని ఏ గదైనా ఆడపిల్లల చదువుకో, డప్పులు, పనిముట్లు దాచుకోవడానికో పనికొస్తుందంటే ముందు అడగవలసింది ఒకటుంది. ఆ జాగా ఎవరిచ్చారు? దేనికోసం ఇచ్చారు? చాలాచోట్ల తాతలు నోటిమాటగా ఇచ్చారు. 1/70 చట్టం భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. 1996 పెసా చట్టం ఊరి ఉమ్మడి ఆస్తులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అయితే నోటిమాటను కాగితం మీద పెట్టవలసింది మనమే.

అందుకే ఈ సెలవులకు ఇళ్లకు వెళ్లే మా హాస్టల్ అమ్మాయిలకు తలా ఒక నోటుపుస్తకం ఇస్తున్నాం. ఊళ్లోని పాత కట్టడానికి రాళ్లు మోసిందెవరు, జాగా ఇచ్చిందెవరు, ఆ మాటకు సాక్షులెవరు అని అవ్వలను, తాతలను అడిగి, వాళ్లు చెప్పిన భాషలోనే రాసుకొస్తారు. ఒక ప్రతి గ్రామసభలో చదివి తీర్మానం పుస్తకంలో ఎక్కించమని కోరతాం. ఇంకో ప్రతి మన సంఘానికి ఇస్తాం.