మాటల్లేని పాటకు నలభై వేల గొంతులు

మారకానా స్టేడియం గేట్లు ఇంకా తెరవలేదు. 2002 నవంబరు 23, శనివారం. రియో డి జనీరోలో ఇది వేసవి మొదలయ్యే కాలం. మన ముందూ వెనకా ఎటు చూసినా నల్ల టీషర్టులే. ఒకరి వీపు మీద ఎర్ర నక్షత్రం ముందు చేతులెత్తి నిలబడ్డ మనిషి, ఇంకొకరి వీపు మీద కుందేళ్లు. ఏ బొమ్మ ఏ ఆల్బందో ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

నిన్న రాత్రి సావో పౌలోలో వానలో కచేరీ చేసి వస్తోంది రష్ అనే రాక్ బృందం. సామాన్లన్నీ విప్పి, లారీలకెక్కించి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా లాక్కొచ్చేసరికి బాగా ఆలస్యమైంది. లోపల ఇంకా బిగింపులు సాగుతున్నాయి. సౌండ్ చెక్ చేసుకునే టైమ్ లేదు. ఈ రాత్రి కచేరీని సినిమాగా తీయడానికి కెమెరాలు కూడా దిగాయి. ఇంకో రోజైతే వాయిదా వేసుకునేవాళ్లేమో. కానీ ఇది టూర్‌లో ఆఖరి రాత్రి, రేపన్నది లేదు.

క్యూలో నిలబడ్డవాళ్లకు ఎదురుచూడటం కొత్త కాదు. రష్ పుట్టింది 1968లో, కెనడాలోని టొరంటోలో. గెడ్డీ లీది బేస్ గిటార్, కీబోర్డు, గొంతు. అలెక్స్ లైఫ్‌సన్‌ది గిటార్. ఇద్దరూ బడిలో చదివినప్పటి నుంచీ స్నేహితులు. 1974లో నీల్ పియర్ట్ డ్రమ్స్ మీదకు వచ్చాడు, అప్పటి నుంచి ఆ ముగ్గురే. ఇరవై ఎనిమిదేళ్లలో వాళ్లు దక్షిణ అమెరికాలో ఒక్క కచేరీ చేయలేదు, ఈ వారం దాకా. బ్రెజిల్‌లో చాలామందికి రష్ పరిచయమైందే టీవీ వల్ల. ఇక్కడ మెక్‌గైవర్ సీరియల్‌కు ముందు వాళ్ల ‘టామ్ సాయర్’ పాట వేసేవారు. వారం వారం ఆ నాలుగు ముక్కలు విని, తర్వాత రికార్డు కోసం వెతుక్కుని, ఒక్కో పాటనూ అరిగేదాకా విన్నవాళ్లు ఈ క్యూలో ఉన్నారు.

మధ్యలో అసలు బృందమే లేకుండా పోయేది. 1997 ఆగస్టులో పియర్ట్ ఒక్కగానొక్క కూతురు సెలీనా, పంతొమ్మిదేళ్ల పిల్ల, కారు ప్రమాదంలో పోయింది. పది నెలలకు భార్య జాకీ క్యాన్సర్‌తో పోయింది. నన్నిక రిటైరైనట్టే అనుకోండి అని మిగతా ఇద్దరికీ చెప్పేసి, మోటార్‌సైకిలెక్కి ఉత్తర అమెరికా రోడ్ల మీద 88,000 కిలోమీటర్లు తిరిగాడాయన. ఆ ఇద్దరూ ఆయన స్థానంలో ఇంకొకర్ని వెతకలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు. కొన్నేళ్లకు ఆయనే వచ్చాడు. ఈ ఏడాది మేలో ‘వేపర్ ట్రెయిల్స్’ ఆల్బం వచ్చింది. జూన్ 28న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో టూర్ మొదలైంది. ఆ దారి చివర ఇప్పుడు మనం నిలబడి ఉన్నాం.

గేట్లు తెరిచారు. పరుగు.

1950లో ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్‌లో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడిపోయింది ఈ గడ్డి మీదే. ఇవాళ దీని మీద, చుట్టూ మెట్ల మీద, నలభై వేల మంది. లైట్లు పోయాయి. త్రీ స్టూజెస్ హాస్య చిత్రాల సంగీతం వేశారు. అది పూర్తి కాకుండానే సింథసైజర్ గుర్రుమంటుంది. టామ్ సాయర్! మొదటి వరుస పాడకముందే మన పక్కవాళ్ల గొంతులు లేచాయి, గెడ్డీ గొంతు వాటిలో మునిగిపోయింది.

గొంతును వదిలేసి ఆయన పాదాలను చూద్దాం. చేతులు బేస్ మీద ఉన్నాయి, నోరు మైకు దగ్గర ఉంది. కింద నేల మీద పెడళ్ల వరుస ఉంది. కుడికాలు దాన్ని వెతుక్కోకుండానే తొక్కుతుంది, అంతే, స్టేడియం అడుగు నుంచి ఒక లోతైన స్వరం లేచి మన పక్కటెముకల్లోకి వస్తుంది. ఒక చరణం మధ్యలో ఎడమచెయ్యి బేస్‌ను వదిలి కీబోర్డు మీదకు వెళ్లి, పని చూసుకుని, మళ్లీ వస్తుంది. ముగ్గురే మనుషులు. రికార్డులో ఉన్న ప్రతి శబ్దాన్నీ వేదిక మీద తమ చేతులతో, కాళ్లతోనే పలికించాలన్నది వాళ్ల పట్టు. ముందే రికార్డు చేసుకున్న ముక్కలను కూడా సరిగ్గా ఆ క్షణానికి పెడల్ నొక్కి పలికిస్తారు. వాళ్ల మీద అభిమానం ఇంత గట్టిగా ఉండటానికి మొదటి కారణం ఇదే అంటాను. మన కళ్లముందు ఎవరూ తేలిక దారి పట్టడం లేదు.

పాట మధ్యలో తాళం ఏడు దెబ్బలకు మారింది. మన మిశ్ర చాపులా ఏడు. ఆ తర్వాత డ్రమ్స్ అన్నిటి మీదుగా పియర్ట్ కర్రలు దొర్లుకుంటూ పోతాయి. ఆ చోటు రాగానే మన చుట్టూ వేల చేతులు గాలిలో లేని డ్రమ్స్‌ను కొట్టాయి. పైనుంచి కిందకు, ఎడమ నుంచి కుడికి, పియర్ట్ కొట్టిన వరుసలోనే. ప్రోగ్రెసివ్ రాక్‌ది పొడుగు పాటలు, తిరకాసు తాళాలు, అది కూర్చుని బుర్రతో వినాల్సిన సంగీతం అని తీసిపారేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లు ఇక్కడికి రావాలి. ఈ లెక్కలన్నీ ఒంట్లోకి దిగిపోయి ఉన్నాయి.

వేదిక మీద అలెక్స్ వెనక ఆంప్లిఫయర్లు పేర్చి ఉన్నాయి. గెడ్డీ వెనక మూడు బట్టలారేసే యంత్రాలున్నాయి, పెద్ద మేటాగ్ డ్రైయర్లు! ఆయన బేస్ ధ్వని నేరుగా స్టేడియం స్పీకర్లకే పోతుంది, వెనక పెట్టెల అవసరం లేదు. ఖాళీగా ఎందుకని ఇవి పెట్టించాడు. అద్దాల వెనక టీషర్టులు గిరగిరా తిరుగుతున్నాయి. ఇంత కష్టమైన సంగీతాన్ని ఇంత సరదాగా చేయడం నాకు చాలా ఇష్టం.

ఇంతలో చిన్న గంటల మోత. టింగ్ టిటింగ్ టింగ్.

వైవైజెడ్. దీనికి సాహిత్యం లేదు, వట్టి వాద్యాల పాట. టొరంటో విమానాశ్రయం గుర్తింపు కోడ్ అది. ఇంటికి తిరిగొచ్చే విమానంలో మోర్స్ సంకేతంగా వినిపించిన ఆ అక్షరాలనే తాళంగా కట్టి 1981లో విడుదల చేశారు. వై అంటే గీత, చుక్క, గీత, గీత. మళ్లీ వై. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒకటి వేసుకోండి. ఏడు, ఏడు, ఆరు, మొత్తం ఇరవై. నాలుగేసి చొప్పున ఐదు దెబ్బలు. ముగ్గురూ ఆ ఇరవై మాత్రలను కలిసి మోగించి, అసలు బాణీలోకి దూకారు.

జనం పాడటం మొదలుపెట్టారు. దేన్ని పాడతారు, పాడటానికి మాట ఏది? గిటార్‌ను పాడుతున్నారు. అలెక్స్ వేళ్లు ఏ స్వరం మీద ఉంటే ఆ స్వరాన్ని, ఎక్కడ విరిస్తే అక్కడ విరుస్తూ, నలభై వేల మంది. పాడుతూ ఎగురుతున్నారు. ముందు గడ్డి మీదున్నవాళ్లు, తర్వాత వెనకవాళ్లు, తర్వాత మెట్ల మీదవాళ్లు. మన కాళ్ల కింద నేల అదురుతోంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది కాబట్టి, వంద మీటర్ల అవతలివాళ్లకు బాణీ దాదాపు మూడోవంతు సెకను ఆలస్యంగా అందుతుంది, వాళ్ల పాట మనకు చేరేసరికి ఇంకో మూడోవంతు. అందుకే ఆ పాట ఒకే గీతలా కాక, మైదానం మీదుగా అలలుగా వచ్చి పడుతోంది. అయినా ఎవరూ దారి తప్పడం లేదు. బేస్, డ్రమ్స్ ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట జనం ఆగి, వాళ్లకు చోటిచ్చి, గిటార్ రాగానే మళ్లీ అందుకుంటున్నారు. ఇవన్నీ ఎవరు నేర్పారు వీళ్లకు? ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా, ఏళ్ల తరబడి విని నేర్చుకున్నదే. ఇవాళ మొదటిసారి అందరూ కలిసి పాడుతున్నారు.

ఈ రాత్రి రికార్డింగ్ ‘రష్ ఇన్ రియో’ పేరుతో 2003 అక్టోబరులో వస్తుంది. అందులో జనం హోరు మరీ ఎక్కువైందని, వాద్యాలు దాని కింద పడిపోయాయని విమర్శించేవాళ్లున్నారు. వాళ్ల చెవులను తప్పుపట్టను. కానీ ఆ హోరు తగ్గించి ఉంటే మిగిలేది ఇంకో మంచి కచేరీ. నాలుగో వాద్యం పోయేది.

‘క్లోజర్ టు ది హార్ట్’ ఈ టూర్ మొదట్లో జాబితాలో లేదు. బ్రెజిల్ వాళ్లకు అదంటే ప్రాణమని తెలిసి చేర్చారు. అలెక్స్ మొదటి తీగలు మీటగానే గెడ్డీకి పెద్ద పని లేకుండా పోయింది.

విరామం అయ్యాక తెర మీద ఒక డ్రాగన్ లేచి నిప్పులు కక్కింది, వేదిక నుంచి నిజం మంటలు ఎగిశాయి, ఆ వేడి మన మొహాలకు తగిలింది. పియర్ట్ రెండు కాళ్లూ బేస్ డ్రమ్ మీద పరిగెత్తుతున్నాయి. ‘వన్ లిటిల్ విక్టరీ’, ఐదేళ్ల మౌనం తర్వాత ఆల్బంలో ఆయన మొదట మోగించింది ఇదే. తర్వాత ‘గోస్ట్ రైడర్’ వచ్చింది, ఆ మోటార్‌సైకిల్ రోజుల పాట. మాటలు రాసిన పియర్ట్ పాడడు, వెనక కూర్చుని వాయిస్తాడు. ఆయన బాధను గెడ్డీ గొంతు మోస్తుంది. గెడ్డీకి ఆ బరువు కొత్తది కాదు. ఆయన తల్లిదండ్రులు నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లు. తల్లి చెప్పిన సంగతుల నుంచి పుట్టిన ‘రెడ్ సెక్టర్ ఎ’ కూడా ఈ రాత్రి జాబితాలో ఉంది.

అందరూ పక్కకు తప్పుకున్నారు. పియర్ట్ ఒక్కడే. 1990ల్లో, అప్పటికే లోకమంతా మొక్కుతున్న డ్రమ్మర్ అయి ఉండి, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు దగ్గర కూర్చుని కర్ర పట్టుకోవడం దగ్గర నుంచి మళ్లీ నేర్చుకున్నాడాయన. ఇప్పుడు చూడండి. పాదాలు మూడు దెబ్బల నడకను వదలడం లేదు, దాని మీద చేతులు తమ లెక్కలో తాము ఎటో వెళ్లి, ఎక్కడో కలుస్తున్నాయి. డ్రమ్స్ దిబ్బంతా గుండ్రంగా తిరిగి వెనక ఉన్న ఎలక్ట్రానిక్ డ్రమ్స్ ముందుకొచ్చాయి. చివర్లో కౌంట్ బేసీ బ్యాండ్ బాణీతో ముగించాడు. మొహంలో నవ్వు లేదు, పని మీదే దృష్టి.

అభిమానులను కలవడం ఆయనకు కష్టం. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆప్తుల్లా మీద పడితే తట్టుకోలేనని 1981లో వచ్చిన ‘లైమ్‌లైట్’ పాటలోనే రాసేశాడు. ఆ పాటను ఈ జనం గొంతెత్తి పాడుతున్నారు, ఆయన కోరిన దూరాన్ని ఆయనకే ఇస్తూ. అభిమానంలో ఇంత పెద్దరికం అరుదు.

‘2112’ కూడా వాయించారు. 1976లో చిన్న పాటలు చేయమని కంపెనీ ఒత్తిడి పెడితే, రికార్డు ఒక వైపంతా నిండే ఇరవై నిమిషాల పాట చేసి నిలబడ్డారు వీళ్లు. అందులో ‘హే!’ అనే చోట నలభై వేల పిడికిళ్లు ఒక్కసారే లేచాయి. మనదీ లేచింది.

ఆఖరి పాట ‘వర్కింగ్ మాన్’, 1974లో వచ్చిన మొదటి ఆల్బంలోది. అది ముగిసేసరికి ఒళ్లంతా చెమట, గొంతు జీర. గెడ్డీ ఒబ్రిగాదో అని పోర్చుగీసులో కృతజ్ఞత చెబుతున్నాడు, అలెక్స్ చేతులూపుతున్నాడు, పియర్ట్ వెళ్లిపోయాడు. డ్రైయర్ల తలుపులు తెరిచారు. వెచ్చటి టీషర్టులు జనంలోకి ఎగిరి వస్తున్నాయి. బయట దుకాణంలో అమ్మేవి కావు, ఇవి వేరే బొమ్మలు. దొరికినవాళ్లు తల మీంచి తొడిగేసుకుంటున్నారు. దొరకనివాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచినట్టు ఒలే ఒలే అంటూ రష్ పేరు కట్టి పాడుతున్నారు, లైట్లు వెలిగినా ఆపడం లేదు.