ఇంటిలోని ఆటలు

పిల్లలను ఇంటిపట్టున నెట్లు నిలుపవలెనను చింత నేటి తల్లిదండ్రులకు మాత్రమే కలిగినది కాదు. మండు వేసవి మధ్యాహ్నములును, ముసురుపట్టిన దినములును పూర్వమును గలవు. మన పెద్దలు దానికి చేసిన ఉపాయమునకు పైకమైనను అక్కఱలేదు.

నేలపై సుద్దతో 25 గళ్లు గీసి, నాలుగు గవ్వలు తెచ్చినచో అష్టాచెమ్మా సిద్ధము. గవ్వలు లేనియింట చింతగింజల నొకప్రక్క నరగదీసి తెల్లచేసెడివారు. పులిజూదమున 3 పులులకు 15 మేకలు. మేకలు కూడి నిలిచినచో పులి కట్టువడును. ఐకమత్యమును గూర్చి వేఱుగా పాఠము చెప్పనక్కఱలేదు. వామనగుంటల పీటపై ఏడేసి గుంటలు రెండు వరుసలు. గింజలు పంచుచు పోవు బిడ్డకు లెక్క వ్రేళ్లలోనే కుదురును.

ఇట్టి విషయములు చరిత్రకు తగవని తలచువారు కలరు. సురవరం ప్రతాపరెడ్డిగారు అట్లు తలపలేదు. 1949లో వెలువడిన వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ప్రజల ఆటపాటలకును చోటు దొరకెను. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయముననే బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములను పరిశోధించి డాక్టరు పట్టమందిరి. పామరుల నోటిలోని పాట పండితుల పరిశీలనకు పాత్రమయ్యెను.

ఆ విశ్వవిద్యాలయమునకు చేరువనున్న తార్నాకలో మా నివాసము. 2020 మార్చిలో మహమ్మారి వలన అందఱము ఇండ్లలో నిలిచిపోయినపుడు మా మనుమడు చేతిఫోను తెరనుండి కన్ను త్రిప్పకుండెను. అటకమీది వామనగుంటల పీట దింపితిని. కాని గింజ లెప్పుడు గెలుచుకొనవలెనో నాకు తెలియలేదు. బాల్యమున దానిని ఆడపిల్లల ఆటయని దూరముగా నుంటిని. నా గ్రంథములు విప్పి చూచుటకంటె, ఎనుబదియేండ్లు దాటిన మా అక్కగారిని టెలిఫోనులో అడుగుటయే మేలని తోచెను. పంచుచు పోగా ఖాళీగుంట తగిలినచో, దాని తరువాతి గుంటలోని గింజలు మనవేయని ఆమె ఒక్కమాటలో తేల్చెను.

ఆ సాయంకాలము మనుమడు నన్ను రెండుమార్లు ఓడించెను. ఫోను మాట తలపలేదు. మఱునాడు పీటను వాడే తెచ్చి నా యెదుట పెట్టెను.

అక్కగారిని నేను అడుగకుండినచో ఆ పీట మా యింట వట్టి కొయ్యగనే మిగిలియుండెడిది. మీ యింట అట్టి పెద్దలున్నచో, శ్రోతలారా, నేడే అడుగుడు. అడిగి, పిల్లల యెదుట కూర్చుండుడు.