నోటీసు బోర్డు తాళం ఎవరి దగ్గరుంది?

మా ఇంజనీరింగ్ కాలేజీలో నోటీసు బోర్డుకి అద్దాల తలుపూ, దానికో చిన్న తాళం కప్పా ఉండేవి. తాళంచెవి అటెండరు దగ్గర. నోటీసు టైపు చేసేది ఆఫీసులో మేడం, సంతకం ప్రిన్సిపాల్ గారిది, అంటించేది అటెండరు. అరగంటలో పనైపోయేది. అదే నోటీసు కాలేజీ వెబ్‌సైటులోకి ఎక్కాలంటే నాలుగైదు రోజులు పట్టేది, ఒక్కోసారి ఎక్కేదే కాదు. ఎందుకంటే ఆ సైటు కట్టింది మా సీనియర్లు, ఫైనలియర్ ప్రాజెక్టు కింద. ఉద్యోగాలొచ్చి వాళ్ళు బెంగుళూరు వెళ్ళిపోయారు, పాస్‌వర్డు కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది. సెలవులకి ఊరెళ్ళిన నా రూమ్మేటు రోజూ సైటు చూసుకుంటూ, రీవాల్యుయేషన్ నోటీసు ఇంకా రాలేదనే అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి గడువు అయిపోయింది. పాపం, ఆ సబ్జెక్టు సప్లీలో మళ్ళీ రాశాడు.

అప్పుడు అందరం ఆఫీసు వాళ్ళనే తిట్టుకున్నాం, "వీళ్ళకి కంప్యూటర్లు రావు" అని. తర్వాత నేనూ ఈ పనిలోనే పడి, అసలు యూనివర్సిటీల్లోకి వెబ్ ఎలా వచ్చిందా అని పాత సంగతులు చదివితే కొంచెం సిగ్గేసింది. దాన్ని తీసుకొచ్చిన వాళ్ళలో మొదటి వరసలో ఉన్నది ఒక లైబ్రేరియన్.

1991 సెప్టెంబరులో పాల్ కుంజ్ అనే భౌతిక శాస్త్రవేత్త స్విట్జర్లాండులోని సెర్న్‌కి వెళ్ళాడు. ఈయనది అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే స్లాక్ పరిశోధనాలయం. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తను తయారుచేసిన వెబ్‌ని ఈయనకి చూపించాడు. ఈయన తిరిగొచ్చి లైబ్రేరియన్ లూయిస్ ఆడిస్‌కి చెప్పాడు. ఆవిడకి అది ఎంత పెద్ద విషయమో వెంటనే అర్థమైంది. ఎందుకంటే ఆవిడ లైబ్రరీలో స్పైర్స్ అని ఫిజిక్సు పేపర్ల వివరాలున్న పెద్ద డేటాబేసు ఒకటుంది. కానీ అది మెయిన్‌ఫ్రేమ్‌లో ఉంది, వెతకాలంటే దాని కమాండ్లు నేర్చుకోవాలి. బయటి దేశాల వాళ్ళయితే నానా తిప్పలూ పడేవాళ్ళు. ఆవిడ పట్టుబట్టింది. 1991 డిసెంబరు 12న స్లాక్‌లో వెబ్ సర్వర్ మొదలైంది, యూరప్ బయట మొట్టమొదటిది అదే. ఆ పేజీలో ఉన్నది మూడంటే మూడు వరసల అక్షరాలు, ఈమెయిలుకి ఒక లింకు, డేటాబేసుకి ఒక లింకు. వచ్చే నెలలోనే బెర్నర్స్-లీ ఫ్రాన్సులో ఒక సమావేశంలో వెబ్ గురించి చెబుతూ, చివర్న స్పైర్స్‌లో వెతికి చూపించాడు. అక్కడున్న ఫిజిక్సు వాళ్ళకి ఆ లింకు చాలు.

తర్వాత స్లాక్‌లో సైటు చూసుకోడానికి ఒక గుంపు తయారైంది. తమాషాగా "వెబ్ మాంత్రికులు" అని పేరు పెట్టుకున్నారు. అందులో ప్రోగ్రామర్లతో పాటు లైబ్రరీ వాళ్ళూ ఉన్నారు. అంటే సమాచారం ఎవరి దగ్గరుందో వాళ్ళే సైటు పనిలోనూ ఉన్నారన్నమాట. నాకు ఇక్కడ ముఖ్యమనిపించింది ఇదే.

అదే 1991లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఇంకో కథ నడిచింది. క్యాంపస్ మొత్తానికి ఒక సమాచార వ్యవస్థ కావాలని కమిటీ వేశారు (కమిటీలు ఏ దేశంలోనైనా కమిటీలే). వాళ్ళ చూపంతా మెయిన్‌ఫ్రేమ్ మీద. మార్క్ మెకాహిల్, ఆయన జట్టూ ఆ గొడవ పక్కన పెట్టి గోఫర్ రాశారు. గోఫర్ ఆ యూనివర్సిటీ మస్కట్ పేరు కూడా. దీంట్లో గొప్పేంటంటే, ఏ డిపార్ట్‌మెంటు సమాచారం ఆ డిపార్ట్‌మెంటు తన టేబుల్ మీదున్న మామూలు కంప్యూటర్లోనే పెట్టుకోవచ్చు. ఫోల్డర్లో ఫైలు పడేస్తే మెనూలో కనిపిస్తుంది. హెచ్‌టీఎంఎల్ లేదు, ట్యాగులు లేవు. గుమస్తాకి నేర్పించాల్సింది పది నిమిషాల పని. 1993లో గోఫర్ సర్వర్లకి లైసెన్సు ఫీజు అన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ని అందరికీ ఉచితం చేసేసింది. గోఫర్ కథ అక్కడినుంచి దిగజారింది. ఫీజు ఒక్కటే కారణం కాదు గానీ, అదొక పెద్ద దెబ్బ.

వెబ్ గెలిచింది, బాగానే ఉంది. కానీ ఒక మెలిక. బెర్నర్స్-లీ మొదటి బ్రౌజర్లో పేజీ చదవడమే కాదు, అందులోనే దిద్దొచ్చు కూడా. అది నెక్స్ట్ కంప్యూటర్ల మీద మాత్రమే నడిచేది. 1993లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి వచ్చి ప్రపంచాన్ని ఊపేసిన మొజాయిక్‌లో చదవడం మాత్రమే మిగిలింది. చదవడం అందరికీ సులువైపోయింది, రాయడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య అయ్యింది. యూనివర్సిటీ స్టాఫ్‌కి "వెబ్ ట్రైనింగ్" అనేది అవసరమైంది అందుకే.

ఆ క్లాసుల్లో ఏం చెప్పేవాళ్ళంటే: టెల్నెట్‌తో యూనిక్స్ మెషీన్‌లోకి వెళ్ళు, పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరు పెట్టు, పైకో ఎడిటర్లో ట్యాగులు కొట్టు, సేవ్ చెయ్, సీహెచ్‌మాడ్ 644 కొట్టు. ఆ చివరిది మర్చిపోతే పేజీ బయటివాళ్ళకి కనపడదు. మొజాయిక్ తయారుచేసిన సంస్థే, కొత్తవాళ్ళ కోసం హెచ్‌టీఎంఎల్ గైడు కూడా రాసి పెట్టింది. చాలామంది అదే చూసి నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళ పేజీలు టిల్డా గుర్తూ, పక్కన వాళ్ళ లాగిన్ పేరూ ఉన్న అడ్రసులో వచ్చేవి. చిక్కు కూడా అక్కడే ఉంది. డిపార్ట్‌మెంటు పేజీ ఒక మనిషి అకౌంటులో ఉంటే, ఆ మనిషి రిటైరై అకౌంటు మూసేసిన రోజున పేజీ కూడా పోతుంది. మా పాస్‌వర్డు బెంగుళూరు వెళ్ళిపోయినట్టే!

ఫ్రంట్‌పేజీ, డ్రీమ్‌వీవర్ వచ్చాక ట్యాగుల బాధ తగ్గింది. అసలు మార్పు మాత్రం డ్రూపల్, వర్డ్‌ప్రెస్ లాంటివాటితో వచ్చింది. డ్రూపల్ పుట్టింది కూడా బెల్జియంలో ఆంట్‌వెర్ప్ యూనివర్సిటీ హాస్టల్లోనే, 2001లో బయటికొచ్చింది. వీటిలో రాసేవాళ్ళు వేరు, ఒప్పుకునేవాళ్ళు వేరు, బయటపెట్టేవాళ్ళు వేరుగా పెట్టుకోవచ్చు. టైపు చేసే మేడం, సంతకం పెట్టే ప్రిన్సిపాల్, అంటించే అటెండరు. మన నోటీసు బోర్డే కదా!

మన దేశంలో స్టాఫ్‌కి నేర్పించి చేయించిన పని ఏదైనా ఉందా అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇన్‌ఫ్లిబ్‌నెట్. 1991లో (మళ్ళీ అదే ఏడాది!) యూజీసీ మొదలుపెట్టిన సంస్థ, యూనివర్సిటీ లైబ్రరీల కోసం. 2000లో సోల్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇచ్చి, దాంతో పాటు లైబ్రరీ సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చింది. 2009లో పీహెచ్‌డీ థీసిస్‌లు ఆన్‌లైన్లో పెట్టాలని యూజీసీ నిబంధన వచ్చాక, శోధ్‌గంగ కూడా ఇదే పద్ధతిలో నడిచింది. సర్వరు, సాఫ్ట్‌వేరు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌వి, ఎక్కించేది మాత్రం ఏ యూనివర్సిటీ వాళ్ళు ఆ యూనివర్సిటీవి. ఉస్మానియా, ఆంధ్రా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అన్నీ ఉన్నాయి అందులో. ఇవాళ థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. లోపాలు లేవని కాదు. కానీ మన క్యాంపస్ సైట్లు ఎన్నిసార్లు మొదట్నుంచీ కట్టారో లెక్కేస్తే, ఇది నిలబడింది. ఆ పని ఒక కుర్చీకి అప్పగించారు, ఆసక్తి ఉన్న ఒక కుర్రాడికి కాదు.

తెలుగు ఆఫీసులకి ఇంకో అడ్డంకి ఉంది. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చింది, విండోస్ ఎక్స్‌పీలో 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆఫీసుల్లో మాత్రం అను ఫాంట్లే. అందులో కొట్టింది తీసుకెళ్ళి సైట్లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అందుకని ప్రింటు తీసి, స్కాన్ చేసి, పీడీఎఫ్ పెడతారు. గూగుల్లో వెతికితే దొరకదు. కళ్ళు కనపడని విద్యార్థి స్క్రీన్ రీడర్ అందులో ఒక్క అక్షరం చదవదు.

పోయినేడు ట్రాన్స్‌క్రిప్టుల కోసం కాలేజీకి వెళ్ళాను. ఆఫీసులో అదే మేడం, అదే అను ఫాంటు. సైటు మాత్రం కొత్తది, హైదరాబాదులో ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారట. మేడం నోటీసు వాళ్ళకి మెయిలు చేస్తే, వాళ్ళకి వీలున్నప్పుడు పెడతారు.

"బాబూ, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఇది నేనే పెట్టుకోడానికి వీలవదా?" అని అడిగారు.

నా లాప్‌టాప్‌లో ఒక డమ్మీ వర్డ్‌ప్రెస్ పెట్టి, యూనికోడ్‌లో టైపు చేయడం దగ్గర్నుంచి చూపించాను. నలభై నిమిషాల్లో, మూడో నోటీసుకి నా సాయం అక్కర్లేకపోయింది. ఆవిడ మధ్యమధ్యలో రఫ్ నోట్‌బుక్కులో వరస నంబర్లేసి తెలుగులో రాసుకున్నారు, మొత్తం పదకొండు మెట్లు. "నాకు ఇంకా మూడేళ్ళే సర్వీసుంది, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు.

లాగిన్ ఇప్పించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టారు. మొన్న ఫోన్ చేసి అడిగాను. ఇంకా రాలేదట.