డీజిల్ గారికి ఒక నిమిషం మౌనం

జర్మనీలో పాత డీజిల్ బండ్లవాళ్లకి ఒక జోకు ఉంది. తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరేదాకా చలిలో ఊరికే కూర్చోవాలి కదా, దానికి వాళ్లు పెట్టిన పేరు ‘రుడాల్ఫ్ డీజిల్ సంస్మరణ నిమిషం’. మన సభల్లో లేచి నిలబడి మౌనం పాటిస్తాం చూడండి, అలాగన్నమాట!

అసలు ఆ నిమిషం ఎందుకు? డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంట్ తెచ్చుకుని, 1897లో ఔగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిన్‌ది ఇదే కిటుకు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, అందులోకి ఆయిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొట్టాక పంపు కింది భాగం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది కదా, అదే సంగతి. కానీ చలికాలం పొద్దున్నే ఇనుము మంచులా ఉంటే ఆ వేడంతా అదే లాగేసుకుంటుంది. మంట రాదు, తెల్లపొగ వస్తుంది.

1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి లాంటి కార్లలో ఆయిల్ ముందు ఒక చిన్న గదిలో అంటుకునేది. శబ్దం తగ్గింది గానీ, ఆ గది గోడలు ఇంకొంత వేడి తినేసేవి. అందుకే కరెంటుతో ఎర్రగా కాలే గ్లో ప్లగ్ పెట్టారు. ఆ మౌనం దాని కోసమే. 1981లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌కి డీజిల్ ఇంజిన్ వచ్చింది, 50 హార్స్‌పవర్. దాని మీద మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు ఎక్కించి మోటర్‌హోమ్ చేస్తే, చల్లటి ఇంజిన్‌తో ఘాట్ ఎక్కడానికి ఎవరికైనా భయమే. కాసేపు వేడెక్కనిద్దాం అనుకోవడంలో తప్పేముంది?

తర్వాత ఆయిల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మడం మొదలైంది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ కార్లలోకి వచ్చింది. నిమిషం కాస్తా సెకన్లయింది. అలవాటు మాత్రం పోలేదు, పైగా చోటు మారింది. స్టార్ట్ చేయకముందు ఆగాల్సిన మనిషి, స్టార్ట్ చేశాక పావుగంట ఆగుతున్నాడు!

డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో చాలా కొంచెం ఆయిలే తాగుతుంది, అందుకే వేడి కూడా మెల్లగా పుడుతుంది. సరిగ్గా కాలని ఆయిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. పక్క టెంట్‌లో పడుకున్న పిల్లలు ఆ పొగ పీలుస్తారు. జర్మనీ ట్రాఫిక్ రూల్స్‌లో 30వ సెక్షన్ అనవసరంగా ఇంజిన్ ఆన్‌లో ఉంచొద్దనే చెబుతుంది. లైటు ఆరాక స్టార్ట్ చేసి, అర నిమిషం ఆగి, ముల్లు పైకి లేచేదాకా యాక్సిలరేటర్ తొక్కేయకుండా మెల్లగా పోనివ్వడమే నయం.

బస్సంత మోటర్‌హోమ్‌లకు ఎయిర్ బ్రేకులుంటాయి. మన లారీ డ్రైవర్లలాగే ట్యాంకులో గాలి నిండేదాకా వాళ్లు ఆగి తీరాలి. అది బ్రేకుల కోసం, వేడి కోసం కాదు.