నాట్యం నిలబెట్టిన భాష

ధింసా, గుస్సాడీ ఆడే మన యువతకు ఈ సంచికలో ఒక దూరదేశపు ఆదివాసుల చరిత్ర చెప్పాలనుకున్నాం. వారు న్యూజిలాండ్ మావోరీలు.

1867లో అక్కడి వలస ప్రభుత్వం నేటివ్ స్కూల్స్ చట్టం తెచ్చింది. మావోరీ పల్లెల్లో బడులు వచ్చాయి, కానీ చదువంతా ఇంగ్లీషులోనే. సొంత భాష మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కుటుంబాలు పనుల కోసం నగరాలకు తరలిపోయాయి. అప్పుడు ఇళ్లల్లోనూ భాష సన్నగిల్లింది.

అయినా పాట, ఆట మిగిలాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అనాథలైన పిల్లలను చేరదీసిన నాయకురాలు తె పుయా హెరంగి, 1920లలో యువతతో నాట్యబృందం కట్టారు. ఊరూరా ప్రదర్శనలిచ్చి, ఆ డబ్బును తమ జాతి సభాస్థలి నిర్మాణానికి వాడారు.

1976లో ఆక్లాండ్ నగర శివారు ఓతారాలోని ఒక హైస్కూల్లో పాలీఫెస్ట్ మొదలైంది. నేడు వేలాది విద్యార్థులు అందులో ఆడుతున్నారు. మావోరీ, సమోవా, టోంగా, నియూ, కుక్ దీవుల నాట్యాలకు వేర్వేరు వేదికలున్నాయి. భారతీయ, చైనా నాట్యాలు ఆడే పిల్లలకూ అక్కడ చోటుంది.

మావోరీల బృందనాట్యం పేరు కపా హాకా. కపా అంటే వరుస, హాకా అంటే నాట్యం. అందులో ఆడేవారే పాడాలి. కాబట్టి అడుగులతోపాటు మాటలు, వాటి అర్థం, వెనకున్న పూర్వీకుల కథ నేర్వక తప్పదు. నాట్యం నేర్చిన పిల్లలకు భాషా అబ్బింది. నాట్యం ఒక్కటే చాలలేదు. పెద్దలు పోరాడి 1982లో మావోరీ భాషలోనే నడిచే శిశుబడులు తెరిచారు. 1987లో ఆ భాష అధికార భాష అయింది.

ఇక మన సంగతి. గుస్సాడీ గురువు, మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. గుస్సాడీ దీపావళి రోజుల్లో దండారితో కలిసి నియమనిష్ఠలతో సాగేది. నెమలి పింఛాల టోపీ వెనుక అంత అర్థముంది. నాయకుల స్వాగతానికి రెండు నిమిషాలు ఆడించి పంపేస్తే ఆ అర్థం పిల్లలకు ఎలా తెలుస్తుంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అడుగు నేర్చుకుంటే పాట అడగండి. పాట వస్తే అర్థం అడగండి. మీ ఊరి పెద్దల పాటలు ఈ పండుగకే ఫోన్లలో రికార్డు చేయండి. వచ్చే ఏడాది మన వేదికపై మీరు మన భాషలో పాడుతూ ఆడాలని కోరుకుంటున్నాం.